పెద్దక్క పరువు

లాడ్జి మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి పెద్దక్క మోకాళ్లు రెండూ మొరపెట్టుకున్నాయి. భుజాన సంచి. అందులో కండోమ్ ప్యాకెట్లు, మందుల చీటీలు, సగం తాగిన నీళ్ల సీసా. పొద్దున్నుంచి ఇది నాలుగో లాడ్జి. రెండుచోట్ల తలుపే తియ్యలేదు. ఒకచోట తీసి మొహం మీదే వేశారు. ఈ ఉద్యోగంలో అదంతా మామూలే.

పెద్దక్క పనిచేసేది సెక్స్ వర్కర్లు తమ కోసం తాము పెట్టుకున్న సంఘంలో. కొత్తగా ఎవరొచ్చినా వెళ్లి పలకరించాలి. మంచీచెడూ చెప్పాలి. సెంటర్లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకురావాలి. ఒకప్పుడు ఆ వృత్తిలో బతికినవాళ్లకే సంఘంలో ఉద్యోగం. టీ కాచే మనిషికైనా, సెక్రెటరీకైనా అదే రూలు. "ఒడ్డున కూర్చున్నవాళ్లు చెప్పే ఈత మనకొద్దు" అంటుంది సెక్రెటరీ. కాదనడానికేముంది?

కొత్తవాళ్లకు పెద్దక్క మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది. "నేనూ నీలాగే ఇలాంటి మంచం మీద కూర్చుని ఏడ్చినదాన్నే పిల్లా." ఎంత మొండిదైనా ఆ మాటకు కరిగి నీరవుతుంది. పదకొండేళ్లుగా ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడకే గుర్తులేదు.

తలుపు తీసిన మనిషిని చూడగానే పెద్దక్క ఆ మాట మింగేసింది.

"వదినా!" అంది ఆ మనిషి.

ఎదురింటి కోడలు! పాత వీధిలో ఏళ్ల తరబడి ఎదురెదురు గడపలు. పెద్దక్క ఇల్లు ఖాళీ చేసిన రోజు కళ్లనీళ్లు పెట్టుకుంటూ సామాను మోసిపెట్టింది ఈ పిల్లే. ఇప్పుడు చెంపలు పీక్కుపోయి, పొట్ట చేత్తో పట్టుకుని, నిలబడలేక తలుపుకు ఆనుకుంది.

"నువ్విక్కడేంటి వదినా?"

"ముందు నీ సంగతి చెప్పు."

చెప్పడానికేముంది? మొగుడు ఇంకొకత్తెను చూసుకున్నాడు. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర ఉన్నారు. నెల కిందట ఇందులోకి వచ్చింది. పది రోజులుగా పొత్తికడుపులో నొప్పి, జ్వరం. బిళ్లలు మింగి నెట్టుకొస్తోంది. పెద్దక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది.

డాక్టరమ్మ సెంటర్‌కి వారానికి ఒక్కసారే వస్తుంది. అది ఇవాళే. ఇంకో గంటలో వెళ్లిపోతుంది కూడా. పోనీ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామా అంటే, అక్కడ నువ్వేం పని చేస్తావని అడిగి, తెలిశాక సాయంత్రం దాకా వరండాలోనే కూర్చోబెడతారు.

పెద్దక్క మంచం అంచున కూలబడింది. ఈ పిల్ల సెంటర్‌కి వచ్చి నోరు విప్పకుండా ఉంటుందా? విప్పిందా, తన బతుకు బజారున పడ్డట్టే. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న సంగతి అది. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి? గదికి తాళం వేసి ఉందని చెప్పేస్తే సరి. ఎవరొచ్చి చూడబోయారు?

"ఏంటి వదినా అలా చూస్తావ్? చచ్చిపోతానా నేను?"

"నీ మొహం. లే, చెప్పులేసుకో."

ఆటోలో పెద్దక్క గొంతు తగ్గించి అంది. "అక్కడ నా పాత సంగతులేవీ ఎత్తకు తల్లీ. నేనెవరో నీకు తెలీదు. సరేనా?"

ఎదురింటి కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీ పరువు నా పరువు కాదా వదినా? నిన్నెవర్నీ ఒక్క మాట అననివ్వను, చూడు."

పెద్దక్క తల పట్టుకుంది. నోరు మూసుకుని కూర్చుంటానంటే ఎంత బాగుండేది!

డాక్టరమ్మ చూసింది. సూది వేసింది, మందులిచ్చింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదని చీవాట్లు పెట్టింది. పెద్దక్క గోడకు జారబడి ఊపిరి పీల్చుకుంది. ఇక పేరు రాయించి, పిల్లను బయటికి లాక్కుపోతే చాలు.

పేర్లు రాసేది సెక్రెటరీ. మనసు వెన్న, నోరు మాత్రం ఆగదు. చుట్టూ బెంచీల మీద పదిమంది ఆడవాళ్లు టీ తాగుతూ కబుర్లాడుకుంటున్నారు.

"ఇందాక వదినా అని పిలిచావుగా? మా పెద్దక్క నీకు ముందే తెలుసన్నమాట. ఏ లాడ్జిలో చేశారేంటి ఇద్దరూ కలిసి?"

పెద్దక్క కళ్లతోనే వద్దని బతిమాలింది. ఎదురింటి కోడలు ఇటు చూడనే లేదు. జ్వరం మొహం ఇంకా ఎర్రబడింది. కుర్చీలోంచి విసురుగా లేచింది.

"ఏం మాటలండీ అవి? మా వదిన్ని పట్టుకుని అంత మాటంటారా? రాత్రీ పగలూ మిషన్ కుట్టి మొగుడికి మందులు కొన్న మనిషి. ఆయన పోయాక పస్తులుంది గానీ ఇలాంటి పని ఒక్కనాడూ చెయ్యలేదు. నా పిల్లల మీద ఒట్టు!"

గదంతా గొల్లుమంది. టీ కాచే ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది.

"పాపం, పరువు కాపాడుతోందే!" అన్నారెవరో.

"కూర్చోవే తల్లీ. ఇక్కడ పతివ్రతలకి ఉద్యోగాలివ్వం" అంది సెక్రెటరీ, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వైనా చెప్పక్కా" అని ఇటు తిరిగింది.

పెద్దక్క నవ్వడం లేదు.

పదకొండేళ్లలో ఆవిడ గతం గురించి ఆ గదిలో ఎవరైనా పలికిన మొదటి నిజం అదే.