జానెడు పొడుగు

లింగాయతుల ఆచారం ప్రకారం కుర్చీలో కూర్చోబెట్టి భుజాలకెత్తిన బసవయ్య మేస్త్రి శవం తల, ఆయన ఇంటి దర్వాజకే తగిలి ఆగింది.

"ఎత్తినంక దించొద్దు," అన్నాడు కర్మ చేయిస్తున్న జంగమయ్య. "గద్వాలల అందరికి గుర్రం దిగకుండ పోయేటంత దర్వాజలు పెట్టిండు. తనింటికి గిట్లెందుకు పెట్టుకుండు?"

"ఆయన పొట్టోడు. నేను జానెడు పొడుగు," నుదుటి మచ్చ తడుముకుంది భార్య పార్వతమ్మ. "నా తల వంచనీకే పెట్టిండు."

కొడుకు గడ్డపార అందుకున్నాడు. "మెడ బిగుసుకపోయిందవ్వా. గోడ పడగొడ్త."

"నాయిన కట్టిన గోడ ముట్టకు బిడ్డా!"

అయినా ఎంత ప్రేమో అనుకుంటూ అందరూ కళ్లు తుడుచుకున్నారు.

"మెడనే వంచుండ్రి," అంది పార్వతమ్మ. "ముప్పై ఏండ్లు నాది వంగలేదా?"