ఉచిత చదువు, వేరు కాపురం

"టూత్‌బ్రష్ కూడా తీసెయ్యి. తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు బాత్‌రూమే చూస్తారట," అంది మిరేయా.

ఎరిబెర్తో నోట్లో నురగతోనే తల ఊపాడు. గడ్డం గీసుకునే సామాను, గోడ మీది ఫుట్‌బాల్ జట్టు ఫోటో, వరండాలో బూట్లు అన్నీ అప్పటికే వ్యాన్ ఎక్కాయి. మిరేయా ఇప్పుడు టీవీ ముందున్న అతని పడక్కుర్చీని లాగుతోంది.

"కుర్చీ ఎందుకే? కుర్చీని చూసి ఇంట్లో మగాడున్నాడని ఎవరు కనిపెడతారు?"

"అందులో పడ్డ గుంట చూస్తే ఎవరైనా కనిపెడతారు."

ఎరిబెర్తో పకపకా నవ్వాడు. అసలు ఈ ఎత్తు అతనిదే. తక్కువ రాబడి ఉన్న ఇళ్ళ పిల్లలకే ప్రభుత్వం కాలేజీ ఫీజు మొత్తం కడుతుంది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎంతెంత తెస్తున్నారు అని ముందు లెక్క వేస్తుంది. అతను చూస్తే తాల్కా ఊళ్ళో ఆపిల్ పళ్ళ షెడ్డుకి సూపర్‌వైజరు. అలాంటి మనిషున్న ఇంటికి ఉచితం ఎవడిస్తాడు? అందుకే అతను కొన్నాళ్ళు పెళ్ళాన్ని వదిలేసి పోయిన మొగుడు కావాలి. షెడ్డులో ఒకరిద్దరు ఇలాగే చేసి పిల్లల్ని చేర్పించారు.

మొన్న మొన్నటిదాకా అతని మాట వేరు. అందరికీ ఉచిత చదువు కావాలని విద్యార్థులు గిన్నెలూ గరిటెలూ మోగిస్తూ రోడ్డెక్కితే, టీవీలో వాళ్ళని చూసి ఊగిపోయేవాడు.

"ఎవడి పిల్లల్ని వాడు చదివించుకోవాలి! డాక్టరుగారి కొడుకు నా పన్నుతో చదవాలా?"

"డాక్టరుగారి సంగతి మనకెందుకు? మన పిల్ల నోయెలియాకి ఇస్తారేమో కనుక్కుందాం," అంది మిరేయా ఓసారి.

"మనకా? మనమేమన్నా పేదవాళ్ళమా?" అని ఇంతెత్తున లేచాడు.

కూతురు కోరుకున్న నర్సింగు చదువుకి ఫీజెంతో తెలిసిన సాయంత్రం మాత్రం తనే లేచి టీవీ కట్టేశాడు. మర్నాడు ఈ ఎత్తు చెప్పాడు.

మిరేయా టీ తాగుతూ చాలాసేపు ఆలోచించింది. "నువ్వు లేకుండా నేనెలా ఉండాలి?" అంది. ఆ మాటకి ఎరిబెర్తోకి కళ్ళు చెమర్చాయి.

"కానీ నోయెలియాకి చెప్పొద్దు. దానికి అబద్ధం రాదు, ఎవరన్నా అడిగితే మొహంలోనే తెలిసిపోతుంది. నిజంగా విడిపోయామనే అనుకోనీ," అంది మళ్ళీ తనే.

అలా అతను అక్క గ్లాదీస్ రొట్టెల దుకాణం వెనక గదిలోకి చేరాడు. అక్కకి మాత్రం చెప్పక తప్పలేదు.

"బాగుందిరా! పిల్లకి ఉచితంగా చదువు, నీకు ఉచితంగా తిండి," అంది గ్లాదీస్ పిండి పిసుకుతూ. "గిన్నె కడుక్కోవడం వచ్చా, అదీ నేనేనా?"

గిన్నె కడుక్కోవడం నేర్చుకున్నాడు. చొక్కాలు ఉతుక్కోవడం నేర్చుకున్నాడు. బజారులో పాత వీధివాళ్ళు ఎదురైతే మొహం తిప్పుకునేవారు. పక్కింటావిడైతే, "ఈ వయసులో ఏం పోయేకాలం?" అని మొహం మీదే అడిగేసింది. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. పిల్ల కోసం ఆ మాత్రం చెడ్డపేరు మోయలేడా?

నోయెలియాకి ఉచిత సీటు వచ్చిందని తెలిసిన రోజున, ఒక చేత్తో కేకు, ఇంకో చేత్తో పెట్టె పట్టుకుని ఇంటి గుమ్మం ఎక్కాడు.

మిరేయా సగం తలుపే తీసింది. "పెట్టె ఎందుకు తెచ్చావు?"

"వచ్చేసిందిగా సీటు!"

"మెల్లిగా మాట్లాడు, వీధంతా వింటుంది. ప్రతి ఏడూ మళ్ళీ చూస్తారట. దొరికిపోతే పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది."

"అది ఐదేళ్ళ చదువే!"

"మరేం చేస్తాం?" అని నిట్టూర్చి, కేకు అందుకుంది.

సగం తెరిచిన తలుపులోంచి, కొత్తగా పసుపు రంగు వేసిన గోడ కనపడింది. తన కుర్చీ ఉండే చోట మిరేయా స్నేహితురాళ్ళు ఇద్దరు కూర్చుని దేనికో పగలబడి నవ్వుతున్నారు. పాపం, మనసు మళ్ళించుకోవడానికి ఎన్ని తంటాలు పడుతోందో అనుకున్నాడు. పెట్టె పట్టుకుని వెనక్కి నడిచాడు.

ఆ దేశంలో జూలై అంటే చలికాలం. ఆ సెలవులకి నోయెలియా కాలేజీ ఊరి నుంచి వచ్చి, వానలో తడుస్తూ తిన్నగా దుకాణానికే వచ్చింది. గ్లాదీస్ వేడి వేడి గుమ్మడికాయ అప్పాలు వేసి పెట్టింది. పిల్ల కాస్త చిక్కింది. తెల్ల కోటులో తీయించుకున్న ఫోటో చూపిస్తే ఎరిబెర్తో దాన్ని అక్కకి రెండుసార్లు చూపించాడు.

"నాన్నా, ఒక మాట చెప్పనా?" అంది నోయెలియా వేలి చివరలు నాక్కుంటూ. "మీరిద్దరూ విడిపోయారని మొదట్లో నీ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. అమ్మ హాయిగా ఉంది. నువ్వూ కొంచెం మనిషివయ్యావు."

ఇక ఆపుకోవడం అతని వల్ల కాలేదు. బల్ల చరిచి మరీ నవ్వాడు.

"పిచ్చిదానా! విడిపోవడమేంటే? అంతా నాటకం! నీ సీటు కోసం! నీకు చెప్పొద్దని మీ అమ్మే ఒట్టు వేయించుకుంది."

నోయెలియా తింటున్నది పళ్ళెంలో పెట్టేసింది. "నా సీటు కోసమా?"

"మరి? నాలాంటి సూపర్‌వైజరుండే ఇంటికి ఉచితం ఎవడిస్తాడు? నేను గడప దాటబట్టే కదా నీకు సీటొచ్చింది! అడుగు మీ అత్తని!"

గ్లాదీస్ అవునన్నట్టు తల ఊపింది. నోయెలియా పిండి అంటిన తండ్రి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మ నింపిన ఫారంలో నీ జీతం కూడా ఉంది. నిన్ను కలిపి లెక్కేసినా ఉచితమే వచ్చింది, నాన్నా."