నలభై ఆరు డిగ్రీలు

"ఈ అంకె తప్పు బాబూ."

పెద్దాయన ఆ రోజు పేపరు తెచ్చి సబ్ ఎడిటర్ బల్ల మీద పరిచాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది.

మొదటి పేజీ వార్త సబ్ ఎడిటర్ రాసిందే. 'ఈ ఎండలు కొత్తేం కాదు. ముప్పై ఏళ్ల కిందట ఇదే రోజున నలభై ఆరు డిగ్రీలు. వాతావరణం మారిపోతోందన్నది ఉత్త గోల.' ఆధారం అదే పత్రిక పాత సంచిక.

పేపరు యజమానికి బొగ్గు గనులున్నాయి. అందుకే ఆ పేపర్లో ఎండ ఎప్పుడూ మామూలే.

"మధ్యాహ్నం రోడ్డు పనులు ఆపాలా వద్దా అన్నది రేపు మున్సిపల్ కౌన్సిల్లో తేలుస్తారు. ఇది చూశారంటే ఆపక్కర్లేదంటారు. పొద్దుటి పేపర్లో సవరణ వెయ్యండి."

"మీరేమైనా శాస్త్రవేత్తా?"

"కాదు."

"మరి తప్పని మీకెలా తెలుసు?"

"అది ఎవరూ కొలిచిన అంకె కాదు బాబూ. ఒక్క ఐదు నిమిషాలు పక్కకు రండి, చెబుతాను. నలుగురిలో చెప్పుకునేది కాదు."

డెస్కంతా గొల్లున నవ్వింది.

"ముప్పై ఏళ్ల నాటి ఎండకు ఇప్పుడు గొడుగు పట్టకండి పెద్దాయనా!"

"బతిమాలుతున్నాను." ఆయన చేతులు జోడించాడు.

సబ్ ఎడిటర్ వాచ్‌మన్‌ని పిలిచాడు.

మర్నాడు కౌన్సిల్లో ఒక సభ్యుడు ఆ వార్త చదివి వినిపించాడు. ప్రతిపాదన వీగిపోయింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం తారు పోస్తూ ఇద్దరు కూలీలు కుప్పకూలారు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణాలు పోయాయి.

"అనారోగ్యంతో అని రాయి," అన్నాడు ఎడిటర్.

సబ్ ఎడిటర్ రాశాడు. రాశాక తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి పాత పేపర్ల గదికి వెళ్లాడు.

ఆ గది చూసే అక్క వచ్చే నెల రిటైరవుతోంది. అడిగిన ఏడాది పేపర్లు కుట్టిన బైండు తీసిచ్చింది.

నలభై ఆరు. మర్నాడూ నలభై ఆరు. వారమంతా నలభై ఆరే.

"ఇదేంటక్కా, ఎండ వారం రోజులు ఒకేచోట కూర్చుందా?"

"అప్పట్లో వాతావరణ ఆఫీసుకు ఫోన్ చేసి, అడిగి వేసేవాళ్లు తమ్ముడూ. ఆ వారం ఫోన్లు పనిచెయ్యలేదు. ఖాళీగా వదిలితే ఎడిటర్ తిడతాడని, డెస్కులో ఉన్నాయన నోటికొచ్చిన అంకె వేసేశాడు. ఎవరు చూస్తార్లే అని అందరం నవ్వుకున్నాం కూడా."

సబ్ ఎడిటర్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. వార్త రాసేముందు తను వాతావరణ ఆఫీసుకు ఒక ఫోన్ చేసి కనుక్కుని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క పేజీతో ఆగక బైండు తిరగేసినా సరిపోయేది.

"ఆయనెక్కడున్నా పట్టుకొస్తానక్కా. ఇప్పటికైనా తప్పు ఒప్పుకుంటాడంటావా?"

అక్క బైండు మూసింది.

"ఒప్పుకోవడానికే మొన్న మీ డెస్కుకు వచ్చాడుగా తమ్ముడూ, మీరే కదా నవ్వి మెట్లు దింపించారు."