జర్నల్‌కు ఒక చాయ్

మొదట్లో అక్షయ్ చేతిలో ఉన్నవి ఒక ఫోను, పది వారాల గడువు, రాయడమంటే బొత్తిగా గిట్టని మనసు.

యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సులో స్రవ్య మేడమ్ వారానికొక జర్నల్ రాయమంది. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏం నేర్చుకున్నావు.

అఫ్జల్‌గంజ్‌లో అక్షయ్ వాళ్లది నూనె టోకు దుకాణం. చేతకానిది కొనుక్కోవడం ఇంట్లో అబ్బిన విద్యే.

నేరుగా నయాపూల్ కోర్టు పక్కన, అర్జీలు రాసే బల్ల దగ్గరికి వెళ్లాడు. బల్ల వెనక ఇశ్రాయేలు అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"కాలేజీ పని తాతా. రాసిపెడ్తవా?"

"ఏందో చదివి వినిపించు."

అంతా విన్నాడు. "జర్నల్‌కు ఒక చాయ్. నేను అడుగుత, నువ్వు చెప్పు. చెప్పింది మర్చిపోకముందే నీ ఫోన్ల రాసుకో."

బేరం చవక అనుకున్నాడు అక్షయ్. తీరా చూస్తే రాసేదంతా తనే!

అయినా మేడమ్ మెచ్చుకుంటోంది. పోయేది చాయే కదా అని సర్దుకున్నాడు.

తొమ్మిదో వారం వచ్చింది.

"ఈ వారం ఏమైంది?"

"నూనె డబ్బా పడి పగిలింది. హమాలీ బాలరాజ్‌ను బాపు పనిలకెల్లి తీసేసిండు."

"పడేసింది బాలరాజేనా?"

అక్షయ్ నేల చూశాడు. "నా చెయ్యే జారింది."

"మరి బాలరాజ్ ఇంటికి పోయి పెండ్లానికి ఏం చెప్పి ఉంటడు?"

అక్షయ్‌కు చుర్రుమంది.

"నువ్వేంది, వకీలువా? ఇన్ని వారాల సంది ఒక్క ముక్క రాయలే. నీకసలు రాయొస్తదా?"

ఇశ్రాయేలు చాయ్ కప్పు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆ వారం జర్నల్ ఫోన్‌లోని ఏఐ యాప్ రాసిచ్చింది.

మేడమ్ ఒక్క ముక్కే జవాబు పెట్టింది: "ఇందులో మీరు లేరు."

నాలుగు రోజులు ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. ఐదో రోజు తండ్రి ముందు నిలబడి నిజం చెప్పాడు. పదో జర్నల్ అదే.

కోర్సు ముగిసింది. 'ఎ' గ్రేడు వచ్చింది. బాలరాజ్ మళ్లీ పనిలో చేరాడు. ఇంత లాభానికి అక్షయ్ పెట్టింది ఎనిమిది చాయ్‌లు, ఒక సగం చాయ్, ఒక తిట్టు.

ఆ తిట్టు వెనక్కి తీసుకుందామని నయాపూల్ వెళ్లాడు. బల్ల వెనక వేరే మనిషి ఉన్నాడు.

"ఇక్కడ అర్జీలు రాసే తాత ఏడి?"

"రాసేది నేనే బిడ్డా, వైకుంఠాన్ని. కాలిరిగి మూడు నెలలు మంచం మీదున్న. ఇశ్రాయేలు బల్ల కాస్తుండె. నేనొచ్చిన దినమే, కూతురి దగ్గరికి పోతనని ఊరికి బస్సెక్కిండు."

"ఫోన్ నంబరుందా?"

"ఆయనకు ఫోనేడిది?"

"అడ్రసన్న ఇయ్యి కాకా. ఉత్తరం రాస్త. మాఫీ అడగాలె."

వైకుంఠం అడ్రసు రాసి కాగితం చేతిలో పెట్టాడు.

"రాయి. కానీ ఎవలన్న చదివి వినిపించాలె బిడ్డా. ముప్పై ఏండ్లు కోర్టు హాలు ఊడ్చుకుంట వకీళ్ల ప్రశ్నలన్నీ ఇన్నడు గానీ, ఇశ్రాయేలుకు అక్షరం ముక్క రాదు."