ఫ్రిజ్‌లో పరీక్ష

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఇంట్లో కూర్చుని రాసే టీచరు పరీక్షకు అరగంట ఉందనగా ల్యాప్‌టాప్ తెర మీద ఆకుపచ్చ గీతలు పడ్డాయి. ఆ వెనకే గులాబీ గీతలు. ఆ తర్వాత చీకటి.

"అయిపోయింది," అంది ఆ ఇంటి కోడలు. "ఈసారి పోతే వయసు దాటిపోతుంది. ఇంక జన్మంతా ఆ బడిలో పిల్లల ముక్కులు తుడిచే ఆయానే. టీచర్ని కాలేను."

ఆమె భర్త ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

"షాపువాడు ముందే చెప్పాడే. ఇందులో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు ముసలిదైపోయిందట. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, వేడెక్కిందా, కళ్లు తేలేస్తుంది."

"మరి కొత్తది వేయించలేదేం?"

"ఈ మోడల్‌కి దొరకదన్నాడు. పోనీ లోపలి ఫ్యాను దుమ్మయినా దులుపుదామని నేనే విప్పాను. బిగించాక చూస్తే రెండు మరలు మిగిలాయి. అదీ నా పనితనం! ఊరందరికీ చల్లదనం పంచేవాణ్ని, సొంత ఇంట్లో నిప్పు రాజేసుకున్నాను."

ఇంతలో అత్తగారు తడిగుడ్డ పిండుకుంటూ వచ్చింది. ఆవిడా నాలాంటిదే, చదువు తక్కువ, సలహాలు ఎక్కువ.

"జ్వరమొస్తే నుదుటి మీద వేసేదేగా, వెయ్యరా."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను! దానికి తడి తగిలితే ఇప్పుడున్నది మూర్ఛ, తర్వాతది చావు."

"అయితే నీ విద్యేదో నువ్వు చూపించు."

"నాకొచ్చిన విద్య ఒక్కటేగా," అంటూ అతను హాలు మూలనున్న ఫ్రిజ్ వంక చూశాడు.

చూడటమే ఆలస్యం, నడిమి అరలోని టమాటాలు, నీళ్ల సీసాలు బయటికొచ్చాయి. అర మీద పొడి తువ్వాలు పరిచి, ల్యాప్‌టాప్‌ను లోపల కూర్చోబెట్టాడు. తలుపు మూస్తే చెమ్మ పడుతుందని బార్లా తెరిచే ఉంచాడు. ఎదురుగా ఒక స్టూలు మీద వేరే కీబోర్డు, మౌసు. ఇంకో స్టూలు మీద శాలువా కప్పుకున్న కోడలు. మీట నొక్కితే తెర అద్దంలా వెలిగింది, మచ్చుకి ఒక్క గీత లేదు.

"మా ఆయన తెలివే తెలివి," అంది కోడలు, పళ్లు టకటకలాడుతుండగా.

"పొగడకే. నాకు పొగడ్త పడదు, వెంటనే ఏదో ఒకటి పాడుచేస్తాను."

పరీక్ష మొదలైంది. పెట్టేది ఆ ఊరి కాలేజీవాళ్లే. ఒక మేడమ్ అవతల కూర్చుని కెమెరాలోంచి కనిపెడుతూ ఉంటారు. గదిలో రెండో మనిషి కనబడితే పరీక్ష రద్దు. మేడమ్ గొంతు వినబడగానే మెకానిక్ గబుక్కున గోడవారకు నక్కాడు. తనకోసమే అంత జాగ్రత్త పడుతున్నాడని కోడలు మురిసిపోయింది.

"ఏమ్మా, ఆ రొద ఏంటి?" అన్నారు మేడమ్.

"ఫ్రిజ్ అండి."

"శాలువా ఎందుకమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. ల్యాప్‌టాప్‌కే బాగాలేదు."

కోడలు చకచకా రాసుకుపోతోంది. సగం పేపరు దాటింది. సరిగ్గా అప్పుడు అత్తగారికి కాఫీ వేళయింది. వేళయితే ఆవిడకు పరీక్షా గుర్తుండదు, పెళ్లీ గుర్తుండదు. నేరుగా వచ్చి, కోడలి భుజం మీంచి చెయ్యి చాపి, పై అరలోని పాలగిన్నె అందుకుంది.

"ఆగండి! ఎవరిదా చెయ్యి?"

"మా అత్తగారిదండి! పాలకోసం..."

"పాలేంటి? అసలు మీరు ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టారు?"

"ఫ్రిజ్‌లోనండి. వేడెక్కితే తెర పోతోందని... కాపీ కొట్టడానికి కాదండి, ఒట్టు."

"నా సర్వీసులో ఇలాంటిది వినలేదు. గదంతా చూపించండి. ఆ ఫ్రిజ్ కూడా చూపించండి."

గోడవారనుంచి మెకానిక్ రెండు చేతులూ ఊపాడు. వద్దు, వద్దని తల అడ్డంగా తిప్పాడు. చూపించకపోతే దొంగపరీక్ష అంటారు, చూపిస్తే తెర పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోడలు ధైర్యం చేసి ల్యాప్‌టాప్‌ను ఎత్తుకుంది. గోడలు చూపించింది, గోడవార అటు తిరిగి నిలబడ్డ మొగుణ్ని, పాలగిన్నెతో నిలబడ్డ అత్తగారిని చూపించింది. చివరికి ఫ్రిజ్ తలుపు మోచేత్తో నెట్టి మూసి, దానివైపు తిప్పింది. తెల్లటి తలుపు, మధ్యలో వంకరటింకరగా అంటించిన వెండి కాగితం చుక్కలు.

"ఇంకాస్త దగ్గరగా," అన్నారు మేడమ్.

తెర మీద ఒక ఆకుపచ్చ గీత పడింది. కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"మేడమ్, తెర పోయేలా ఉంది. నన్ను రాయనిస్తారా, తీసేస్తారా? ఏదో ఒకటి చెప్పండి!"

మెకానిక్ మాత్రం తేలు కుట్టిన దొంగలా గోడకు ఇంకాస్త అతుక్కుపోయాడు.

అప్పుడు మేడమ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. నలుగురికీ చెప్పండి, నవ్వుకోనివ్వండి. ఆ మెకానిక్ ఇంటి ముందు మాత్రం కాస్త గొంతు తగ్గించండి.

"నీ తప్పేం లేదు, కూర్చుని రాసుకో తల్లీ. ఆ చుక్కలు మా మనవరాలు అంటించినవి. మోటారు ఇంకా రాలేదండీ అని రోజూ నాకు ఫోన్లో చెబుతున్న మీ ఆయనతో చెప్పు, పరీక్ష అవగానే నా ఫ్రిజ్ నాకు తెచ్చివ్వమని."