మగ బిళ్ళ, ఆడ బిళ్ళ

పెళ్లిచూపులనాడు ఒక్క చాయ్ తాగేలోపే స్వరూపరాణిని ఖాయం చేసుకున్న గిద్యోను, గిటార్ బిళ్ళను ఎంచుకోవడానికి మాత్రం నెల నుంచి తంటాలు పడుతున్నాడు.

తీగలు మీటడానికి వేళ్ల మధ్య పట్టుకునే గోటంత ముక్క అది. పిక్ అంటారట. ఆ ఇంట్లో బిళ్ళే.

పోపుల డబ్బాలో ఒకటి, బైబిల్లో గుర్తుగా ఒకటి. తెప్పించినవి చాలక ఆమె పెరుగు డబ్బా మూతను కూడా కత్తిరించి చూశాడు.

"నన్ను గూడ గిట్లనే ఎంచి చూసుంటే, నీకు మంచిగ వండేది దొరుకుతుండె" అంది స్వరూపరాణి.

"పల్చటిది అప్పడం విరిగినట్టు చప్పుడు చేస్తది. మందంది పెడ్తె ఒక్కొక్క తీగ గంట కొట్టినట్టు పలుకుతది" అన్నాడు గిద్యోను. ఆమె మాట చెవిన పడితే కదా.

అతని ఆత్రానికి కారణం ఉంది. కీబోర్డు వాయించే పీటర్ పని మీద పట్నం పోయాడు. చర్చిలో కోత పండుగ పాటకు గిద్యోను ఒక్కడే వాయించాలి. మెదక్ నుంచి ఉద్యోగం మీద నారాయణఖేడ్ వచ్చిన అతన్ని సంఘం ఇంకా కొత్తవాడిగానే చూస్తోంది. పాట చెడితే ఆ మాట ఏడాదంతా నడుస్తుంది.

గిటార్ మాత్రం పాతది. బీదర్‌లో పాత సామాను దుకాణంలో కొన్నాడు. గుండ్రటి రంధ్రం కింద చెక్క నిండా సన్నటి గీతలు. ఎవరో బిళ్ళ లేకుండా, గోళ్లతోనే వాయించినట్టున్నారు.

ఒక సాయంత్రం ప్రాక్టీసు జరుగుతుండగా, కందులు అమ్ముకొని పోతున్న ఒక ముసలాయన చర్చి గడప దగ్గర ఆగాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. వెనక బల్లలన్నీ ఖాళీగా ఉన్నా, నేరుగా గిటార్ ముందుకొచ్చి నేల మీద కూర్చున్నాడు.

పేరు సంగప్ప అన్నాడు. కంగ్టి అవతల ఊరు. మాటలో సగం తెలుగు, సగం కన్నడం.

పాట వినలేదాయన. గిద్యోను చేతినే చూశాడు. మందం బిళ్ళ జారి చెక్కను గీరినప్పుడల్లా తన ఒంటి మీద గీరినట్టు ముడుచుకుపోయాడు.

ఉండబట్టలేక లేచి, గిద్యోను మణికట్టు పట్టుకున్నాడు.

"గట్టిదాంతోటి కొట్టకు తమ్మా. మగందు ఇది. మెత్తగ కొట్టు."

పాడేవాళ్లంతా ఘొల్లున నవ్వారు. బిళ్ళల్లో మగది, ఆడది కూడా ఉంటాయా తాతా అని గిద్యోను అడిగాడు.

సంగప్ప నవ్వలేదు. "మగందు" అన్నాడు మళ్లీ, వేలి కొసలతో ఆ గీతల్ని తాకుతూ.

ఆనాటి నుంచి మందంది మగ బిళ్ళ, పల్చటిది ఆడ బిళ్ళ అయ్యాయి. చప్పుడు చేసేది ఆడది, మాట నెగ్గేది మగది, ఇంట్లో ఉన్నదే కదా అని స్వరూపరాణి కూడా ఓ చెయ్యి వేసింది.

సంగప్ప మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఒకసారి తోలు ముక్కను పల్చగా గీకి, బిళ్ళలాగా కోసి తెచ్చి గిద్యోను చేతిలో పెట్టాడు.

దాంతో మీటితే తీగ మూగపోయింది. గిద్యోనుకు చిరాకేసింది.

"గిటార్ సంగతి నాకిడిసిపెట్టు తాతా. నీ కందుల సంగతి నేను చెప్తున్ననా?"

సంగప్ప తోలు ముక్కను రుమాలు కొసకు ముడేసుకొని, ఎప్పటిలాగే నేల మీద కూర్చున్నాడు.

పండుగ ముందు గిద్యోను గిటార్‌ను వడ్రంగి దుర్గేశ్‌కు ఇచ్చి, గరుకు కాగితంతో రుద్దించి పాలిష్ పెట్టించాడు. అద్దంలా మెరిసింది.

పండుగ ఆదివారం జొన్న కంకులు, గుమ్మడికాయల నడుమ నిలబడి మందం బిళ్ళతోనే వాయించాడు. తీగ తీగా గంటలా పలికింది. పాస్టరు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

జనం వెళ్లాక సంగప్ప దగ్గరికొచ్చాడు. రంధ్రం కింద అరచేయి పెట్టి అటూ ఇటూ నిమిరాడు. వంగి చూశాడు.

"గీతలు?"

"పోగొట్టిచ్చిన తాతా. కొత్తదాని లెక్క అయింది సూడు."

ఆయన అరచేయి చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

కూతురి కాన్పుకు పోయిన కంగ్టి రిబ్కమ్మ తిరిగి ప్రాక్టీసుకు వచ్చినప్పుడు, మగ బిళ్ళ ముచ్చట స్వరూపరాణే ఆమెకు చెప్పింది. ముసలాయన పేరుతో సహా, ఆయన గొంతు అనుకరిస్తూ.

అందరూ నవ్వారు. రిబ్కమ్మ నవ్వలేదు.

ఆ సంగప్ప తనకు తెలుసంది. పోయిన వానకాలం బావి దగ్గర కరెంటు షాక్ కొట్టి ఆయన ఒక్క కొడుకూ పోయాడట. ఆ పిల్లగాడి గిటార్ చూసినప్పుడల్లా తల్లి ఏడుస్తుంటే, ఆయన ఊళ్లో లేనప్పుడు చుట్టాలు దాన్ని బీదర్‌లో అమ్మేశారట.

"మగ అంటే మొగది గాదు బిడ్డా. కన్నడంల కొడుకు. మగందు అంటే, నా కొడుకుది అని."

స్వరూపరాణి చప్పున తల దించుకుంది.

గిద్యోను బొటనవేలితో రంధ్రం కింద తడిమాడు. నున్నటి పాలిష్ మీద వేలు జారిపోయింది.

"తప్పు నాది, రిబ్కమ్మా" అన్నాడు. "మెత్తగ కొట్టుమంటె, నా వాయించుడుకు వంక పెడ్తుండనుకున్న. తన పిల్లగాని గోటి గీతలు చెరపకని బతిమాలుకున్నడు, ఆ తండ్రి."