మూడు గుమ్మాల సంబంధం

“పెళ్లికాని పిల్లని తీసుకెళ్లి రెండో పెళ్లి సైట్లో పెట్టిన మహాతల్లి ఎవరే?” పుణెలోని ఆ పెళ్లి సంబంధాల ఆఫీసు దద్దరిల్లేలా అరిచింది సుమిత్రా పెండ్సే. వెనకాల ఆమె కూతురు మృణ్మయి తల దించుకుని నిలబడింది.

ఆ మహాతల్లి ఆశ్లేష. వివరాలు ఎక్కించే పని ఆమెదే.

ఆ ఆఫీసుకి మూడు సైట్లు. మొదటి పెళ్లికొకటి, రెండో పెళ్లికొకటి, విదేశాల్లో ఉన్నవాళ్లకొకటి. గుమ్మాలు మూడైనా లోపల ఇల్లొకటే. ఏ సైటు పేరు కొట్టి వస్తే ఆ బోర్డు తగిలించుకుని ఎదురొస్తుంది. ఎవర్ని ఏ గుమ్మంలో చూపించాలో టిక్కు పెట్టకపోతే మూడు గుమ్మాల్లోనూ కనిపిస్తారు. ఆశ్లేష టిక్కు పెట్టడం మరిచిపోయింది.

“నిశ్చితార్థం అయింది, ఊరంతా పత్రికలు పంచాం. ఇప్పుడు అబ్బాయి ఫోన్ చేసి, మీ పిల్లకి ఇదివరకే పెళ్లయిందట, మాకొద్దు అంటున్నాడు. నా పిల్ల గొంతు కోశావు కదే!”

“తప్పయిపోయింది కాకూ,” అని పిన్నిగారిని బతిమాలినట్టు అంది ఆశ్లేష. నిజంగానే ఏడుపొచ్చేసింది.

“రేపట్నుంచి రావద్దు,” అన్నాడు యజమాని దామ్లే.

సంచి సర్దుకుంటున్న ఆశ్లేషకి ఉన్నట్టుండి అనుమానం వచ్చింది.

“కాకూ, అక్కడ చూసిందెవరు?”

“ఇంకెవరు, అబ్బాయే! ఫొటోతో సహా చూశాడట.”

“ఆ సైట్లో ఫొటో కనబడాలంటే చూసేవాళ్లూ అందులో చేరి ఉండాలి కాకూ.”

అబ్బాయి ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో కొట్టి వెతికింది. అదే నంబరు, అదే మొహం రెండుచోట్ల తేలింది. మొదటి పెళ్లి సైట్లో అవివాహితుడు. రెండో పెళ్లి సైట్లో భార్యని వదిలేసినవాడు, నాలుగేళ్ల పాప.

మృణ్మయి కుర్చీలో కూలబడింది.

“బతికిపోయాను ఆయీ,” అంటూ తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

తన మతిమరుపు ఒక పిల్లని గట్టెక్కించిందని ఆశ్లేషకి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

సుమిత్ర తెర మీది వివరాలు మళ్లీ చదివింది. కూతురి చెయ్యి విడిపించుకుని ఫోన్ తీసింది. వాడికివాళ మూడిందనుకుంది ఆశ్లేష.

“అల్లుడుగారూ, మీ పాప సంగతి ఇప్పుడే తెలిసింది,” అంది సుమిత్ర, ఎంతో మెత్తగా. “మేం ఎక్కడా బయటపెట్టంలెండి. మీరు మాత్రం ముహూర్తం మార్చకండి.”